ఇరుకైతే పురుగు ఏమవుతుంది? పట్టుపురుగు నుంచి కత్తెర పురుగు దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది చాలా చిన్నదిగా కనిపించే ప్రశ్న. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి ఒకే రోజు బయటికి వచ్చిన పురుగుల్ని రెండు భాగాలు చేద్దాం. ఒక భాగాన్ని విశాలమైన ట్రేలో, రెండో భాగాన్ని ఇరుకు డబ్బాలో పెట్టాం. తిండి ఇద్దరికీ సరిపడా వేస్తున్నాం. చివరికి రెండు చోట్లా ఒకే రకం పురుగులు తయారవుతాయా?

అవ్వవు. ఎలా అవ్వవు అన్నదే అసలు కథ. ఒక జాతిలో ఇరుకు వల్ల పురుగు చిక్కిపోతుంది. ఇంకో జాతిలో త్వరగా పెరుగుతుంది, రంగు మారుతుంది, రోగాన్ని కూడా బాగా తట్టుకుంటుంది. మూడో జాతిలో పక్కవాడిని తినేస్తుంది. ఇదంతా ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళ సరదా కోసం కాదండీ. పట్టు రైతు గూళ్ళ బరువు, మొక్కజొన్న రైతు మందు కొట్టే రోజు, రెండూ దీని మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే మన ఊళ్ళకి దగ్గరగా ఉన్న ఉదాహరణతో మొదలుపెడదాం.

హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు వెళ్తే మల్బరీ తోటలు, వాటి పక్కనే పట్టుపురుగుల షెడ్లు కనిపిస్తాయి. హిందూపురంలో పట్టు గూళ్ళ మార్కెట్ ఉంది. తెలంగాణలో అయితే జనగామలో ఉంది. చాలామంది రైతులు గూళ్ళని కర్ణాటకలోని రామనగరకి కూడా తీసుకెళ్తారు. అక్కడ రైతులు పంటని ఎకరాల్లో కాదు, గుడ్లలో చెప్తారు. "ఈసారి వంద గుడ్లు పెట్టాం" అంటారు. వంద గుడ్లంటే నిజంగా వంద గుడ్లు కాదు. వంద తల్లులు పెట్టిన, రోగం లేదని పరీక్ష చేసిన గుడ్ల గుంపులు. ఒక్కో గుంపులో నాలుగైదు వందల గుడ్లు ఉంటాయి కాబట్టి, మొత్తం 40 వేల నుంచి 50 వేల పురుగులన్నమాట.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. గుడ్డులోంచి వచ్చిన పట్టుపురుగు బరువు అర మిల్లీగ్రాము కంటే తక్కువ. సుమారు 25 రోజుల తర్వాత, గూడు కట్టబోయే ముందు దాని బరువు 4 నుంచి 5 గ్రాములు. అంటే పది వేల రెట్లు! మూడు కిలోల పసిబిడ్డ నెల తిరక్కుండా 30 టన్నులు అయినట్టు. ఈ పెరుగుదల ఐదు దశల్లో జరుగుతుంది. మధ్యలో నాలుగు సార్లు చర్మం వదులుతుంది. ఆ టైమ్‌లో తినడం మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. మన రైతులు దానికి పెట్టిన పేరు జ్వరం. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు జ్వరాలు. ఎంత బాగా పెట్టారో చూడండి, తినకుండా మూలన పడుకుంటే మన ఇంట్లో కూడా అదే అంటాం కదా.

పురుగు పది వేల రెట్లు పెరుగుతుంటే దానికి కావలసిన చోటు కూడా పెరగాలి. వంద గుడ్ల పురుగులు మొదటి రోజు సుమారు 4 చదరపు అడుగుల్లో సరిపోతాయి. ఒక పెద్ద పళ్ళెం అంత చోటు. కొమ్మల పద్ధతిలో పెంచితే ఐదో దశకి వచ్చేసరికి అవే పురుగులకి సుమారు 600 చదరపు అడుగులు కావాలి. చాలా సిటీల్లో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత! అందుకే పడకని రోజూ వెడల్పు చేస్తూ పోవాలి. ఆకు ఖర్చు కూడా అలాగే ఉంటుంది. మొత్తం మీద వంద గుడ్లకి ఒక టన్ను అటూ ఇటూగా ఆకు పడుతుంది. అందులో 80 శాతానికి పైగా ఒక్క ఐదో దశలోనే అయిపోతుంది.

సరే, చోటు తగ్గితే ఏం జరుగుతుంది? ఇక్కడ చాలామంది ఒకే ఒక్క కారణం చెప్తారు. ఆకు సరిపోదు, అంతే కదా అని. అది నిజమే కానీ సగం నిజం. నేను నాలుగు కారణాలు విడివిడిగా చెప్తాను.

మొదటిది, తిండి అందకపోవడం. పడక మీద సరిపడా ఆకు ఉన్నా, కింద ఉన్న పురుగు పైకి రాలేదు. ఒకదాని మీద ఒకటి పాకుతుంటాయి. బలమైనది తింటుంది, బలహీనమైనది వెనకబడుతుంది. సో, సగటున ఆకు సరిపోయినా ప్రతి పురుగుకీ సరిపోదు. సగటు లెక్కతో ఉన్న చిక్కే ఇది.

రెండోది, గాలి. పురుగులు ఊపిరి తీసుకుంటాయి, వేడి పుట్టిస్తాయి, లద్దెలు వేస్తాయి. మిగిలిన ఆకు, లద్దె కలిసి తడిగా పులుస్తాయి. పెద్ద పురుగులకి గదిలో సుమారు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉండాలంటారు. గోడ మీద మీటర్ అంతే చూపించొచ్చు. కానీ కిక్కిరిసిన పడక లోపల పురుగు ఉండే వాతావరణం వేరు. మీటర్ గోడకి ఉంది, పురుగు పడకలో ఉంది.

మూడోది, గీతలు. పట్టుపురుగు కాళ్ళకి చిన్న గోళ్ళుంటాయి. ఒకదాని మీద ఒకటి పాకినప్పుడు చర్మం మీద గీతలు పడతాయి. ఆ గాయాల్లోంచి రోగాలు లోపలికి వెళ్తాయి. గ్రాసరీ అనే వైరస్ రోగం ఉంది. పురుగు ఒళ్ళు ఉబ్బుతుంది, చర్మం పగిలి పాల లాంటి ద్రవం కారుతుంది. ఆ ద్రవం నిండా వైరస్సే. విశాలమైన పడకలో అలాంటి ఒక పురుగు పగిలితే రైతు చూసి ఏరి పారేయగలడు. ఇరుకు పడకలో రైతు చూసేలోపు ఎన్నో పురుగులు దాని మీదుగా పాకేసి ఉంటాయి. తేమ ఎక్కువైతే బూజు వల్ల వచ్చే సున్నపుకట్టు రోగం కూడా తోడవుతుంది.

నాలుగోది చాలామంది గమనించనిది. ఎదుగుదల ఎగుడుదిగుడు అవ్వడం. పురుగులన్నీ ఒకేసారి జ్వరానికి వెళ్ళి ఒకేసారి లేస్తే రైతుకి పని తేలిక. అప్పుడు ఆకు ఆపాలి, సున్నపు పొడి చల్లాలి, లేచాక మళ్ళీ ఆకు వెయ్యాలి. ఇరుకులో సగం జ్వరంలో ఉంటాయి, సగం ఇంకా తింటుంటాయి. ఆకు వేస్తే పడుకున్నవి కింద కప్పబడిపోతాయి, వెయ్యకపోతే మేలుకున్నవి పస్తులుంటాయి. ఏం చేసినా నష్టమే.

ఇక్కడ మీకొక డౌట్ రావాలి. తిండి తక్కువైతే పురుగు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ తిని, అదే బరువుకి వచ్చి గూడు కట్టొచ్చు కదా? ఎందుకు చిన్నగానే ఉండిపోతుంది?

దీనికి జవాబు 1974లో వచ్చింది. ఫ్రెడ్ నైహౌట్, కారల్ విలియమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో పొగాకు హార్న్‌వర్మ్ అనే మాత్ మీద పని చేశారు. మాత్ అంటే మన రైతులు రెక్కల పురుగు అనేది. చివరి దశలో ఉన్న పురుగుల్ని రకరకాల బరువుల దగ్గర తిండి ఆపేసి చూశారు. సుమారు 5 గ్రాములకి చేరకముందు తిండి ఆపితే పురుగు ప్యూపా అవ్వడం ఆలస్యమైంది. 5 గ్రాములు దాటాక ఆపితే ఏ ఆలస్యమూ లేదు. తిండి ఉన్నా లేకపోయినా అదే టైమ్‌కి మార్పు మొదలైంది. దీన్ని క్రిటికల్ వెయిట్ అంటారు. ఆ గీత దాటగానే పురుగుని పురుగుగా ఉంచే జువెనైల్ హార్మోన్ తగ్గిపోతుంది, ఆ తర్వాత మార్పు తెచ్చే ఎక్డైసోన్ విడుదలవుతుంది. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు.

అంటే అర్థం ఏంటి? అదే పురుగు హాయిగా తింటే 10 గ్రాములు దాటగలదు. కానీ 5 గ్రాముల గీత దాటాక దానికి తిండి అందకపోతే, రైలు కదిలిపోయినట్టే. చిన్న పురుగు, చిన్న ప్యూపా, చిన్న రెక్కల పురుగు. ఆడదైతే గుడ్లు కూడా తక్కువ. రెక్కల పురుగు అయ్యాక ఇక పెరగదు. చాలా జాతుల్లో గుడ్లకి కావలసిన సరుకంతా ఈ పురుగు దశలో తిన్నదే. పట్టుపురుగు మాత్ అయితే అసలు తిండే తినదు. పురుగు దశలో పోగేసిందే దాని జీవితకాలపు ఆస్తి.

మన రైతు విషయానికి వస్తే, చిన్న పురుగు అంటే చిన్న గూడు. మంచి బైవోల్టైన్ గూడులో సుమారు కిలోమీటరు పొడవు పోగు ఉంటుంది. చిక్కిన పురుగు అంత పోగు ఇవ్వలేదు. ఇంకా అయిపోలేదండీ. పురుగు పండిన తర్వాత దాన్ని చంద్రిక మీద వదులుతారు. చంద్రిక అంటే వెదురు తడకలా గుండ్రంగా దారులు దారులుగా ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్‌వి కూడా వచ్చాయి. అక్కడ చదరపు అడుగుకి 40, 50 పురుగులే వదలాలని చెప్తారు. అంతకంటే ఎక్కువ వదిలితే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. దాన్ని జంట గూడు అంటారు. రెండు పోగులు చిక్కుపడిపోవడం వల్ల మామూలు పద్ధతిలో దారం తీయడం కుదరదు. దాన్నుంచి ముడులు ముడులుగా ఉండే డూపియన్ దారం తీస్తారు. షాపుల్లో డూపియన్ పట్టు అని అందంగానే ఉంటుంది, కానీ రైతుకి మాత్రం జంట గూడంటే ధర కోతే. పైగా గూడు కట్టే ముందు పురుగు చివరిసారి మలమూత్రాలు వదులుతుంది. కిక్కిరిసిపోతే అది పక్క గూళ్ళ మీద పడి మరక అవుతుంది.

ఇప్పుడు ఒక ఊహ లెక్క వేద్దాం. ఇవి ఏ సర్వేలోవో కాదు, విషయం అర్థమవడానికి నేను వేసుకున్న అంకెలు. రైతు దగ్గర 600 చదరపు అడుగుల పడక ఉంది. వంద గుడ్లు పెట్టాడు, 45 వేల పురుగులు. అందులో 90 శాతం గూళ్ళు కట్టాయి, ఒక్కో గూడు 1.8 గ్రాములు అనుకుందాం. మొత్తం సుమారు 73 కిలోలు. పక్కింటాయన అదే షెడ్డులో 150 గుడ్లు పెట్టాడు, 67 వేల 500 పురుగులు. ఇరుకు వల్ల 70 శాతమే గూళ్ళు కట్టాయి, ఒక్కోటి 1.4 గ్రాములే తూగింది. మొత్తం 66 కిలోలు. గుడ్లకి ఒకటిన్నర రెట్లు ఖర్చు, ఆకు ఎక్కువ, కూలి ఎక్కువ, చివరికి గూళ్ళు 7 కిలోలు తక్కువ! వాటిలోనూ మరకలు, జంటలు. అందుకే గుడ్లు ఎన్ని తేవాలన్నది మొదటి రోజు చోటు చూసి తేల్చకూడదు. ఐదో దశ చోటుతో మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి. మొదటి రోజు అందరి షెడ్డూ ఖాళీగానే కనిపిస్తుంది.

ఈ సమస్య పట్టు రైతుకే కాదండీ. ట్రైకోగ్రామా కార్డుల గురించి వినే ఉంటారు. వాటిని తయారుచేసే ల్యాబుల్లో కోర్సైరా అనే బియ్యపు పురుగుని సజ్జ, జొన్న నూకలో పెంచుతారు. దాని గుడ్లే కార్డు మీద అంటిస్తారు. గుడ్లు ఎక్కువ కావాలని ఒక బేసిన్‌లో మరీ ఎక్కువ పురుగుల్ని వదిలితే నూక వేడెక్కుతుంది, మాత్‌లు చిన్నవి వస్తాయి, ఒక్కోటి పెట్టే గుడ్లు తగ్గుతాయి. సేమ్ లెక్క.

ఇక్కడిదాకా విన్నవాళ్ళు ఇరుకు అంటే అన్ని పురుగులకీ చెడే అనుకుంటారు. ఇప్పుడు కథ తిరుగుతుంది.

తూర్పు ఆఫ్రికాలో ఆఫ్రికన్ ఆర్మీవర్మ్ అని ఉంది. గడ్డి, మొక్కజొన్న, జొన్న మీద సైన్యంలా పడుతుంది. విడిగా పెరిగిన పురుగు ఆకుపచ్చగానో మట్టి రంగులోనో ఉండి, గడ్డి మొదట్లో దాక్కుని మెల్లగా తిరుగుతుంది. గుంపులో పెరిగితే అదే జాతి పురుగు నల్లగా మారుతుంది, చురుగ్గా తిరుగుతుంది, త్వరగా పెరుగుతుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే వేరే వేరే జాతులనుకుంటాం. మిడతల్లో ఇలాంటి మార్పు ఉంటుందని 1921లో బోరిస్ ఉవరోవ్ చెప్పాడు. ఆర్మీవర్మ్‌లోనూ ఉందని 1940లలో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త ఫోర్ చూపించాడు. జపాన్‌లో ఇవావో అనే శాస్త్రవేత్త ఇంకో పురుగు మీద ఇదే చూశాడు. ఆ పురుగు మనకి కొత్తదేం కాదు. వరి కోతకొచ్చే టైమ్‌లో కంకులు తెంపి పడేసే కంకి కత్తిరించు పురుగు అదే.

దీనికి మనం వేసుకోవాల్సిన ప్రశ్న, గుంపులో ఉన్న పురుగు నల్లబడటం వల్ల దానికేం లాభం? 1998లో రీసన్, విల్సన్, వాళ్ళ సహచరులు ఆర్మీవర్మ్ పురుగులకి వైరస్ ఇచ్చి చూశారు. మామూలుగా మనం ఏమనుకుంటాం? గుంపులో ఉన్నవి ఒత్తిడిలో ఉంటాయి, త్వరగా చస్తాయి అని. జరిగింది దానికి రివర్స్. గుంపులో పెరిగినవే వైరస్‌ని బాగా తట్టుకున్నాయి. తర్కం చాలా సింపుల్. గుంపులో రోగం అంటుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి పక్కవాళ్ళు ఒంటికి తగులుతుంటే, రోగం రాకముందే శరీరం రక్షణ మీద ఖర్చు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ నలుపు మెలనిన్. దాన్ని తయారుచేసే ఎంజైమ్ వ్యవస్థే లోపలికొచ్చిన శత్రువుని చుట్టుముట్టడంలో కూడా పని చేస్తుంది. మరి ఎప్పుడూ అలాగే ఉండొచ్చు కదా? ఉండలేదు. రక్షణకి ఖర్చవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఖర్చు దండగ.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ట్రాఫిక్ పెరిగినప్పుడే అదనపు సర్వర్లు ఆన్ అవుతాయి. తేడా ఏంటంటే, ఇక్కడ సెన్సర్ పురుగు చర్మమే.

మూడో రకం మన పొలాల్లోకి 2018లో వచ్చింది. కత్తెర పురుగు. అమెరికా ఖండాల నుంచి ఆఫ్రికా మీదుగా వచ్చి, మన దేశంలో మొదట కర్ణాటకలో కనబడి, కొద్ది నెలల్లోనే తెలంగాణ, ఆంధ్ర మొక్కజొన్నలోకి దిగింది. ఇది గుడ్లు వంద, రెండు వందలు ఒకే ముద్దగా పెడుతుంది. కానీ పెద్ద పురుగుల కోసం మొక్కజొన్న మొవ్వు విప్పి చూస్తే సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. మిగతావి ఏమయ్యాయి? పుట్టిన పిల్లలు సన్నని దారం వదిలి గాలికి పక్క మొక్కల మీదికి చెదిరిపోతాయి. కొన్ని శత్రువులకి తిండి అవుతాయి. ఇంకా ఒకే మొవ్వులో మిగిలినవి పెద్దవయ్యాక ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ జాతికి ఇరుకు సమస్యకి పరిష్కారం అదే. ల్యాబ్‌లో వీటిని పెంచేవాళ్ళు అందుకే ఒక్కో పురుగుని ఒక్కో గదిలో పెడతారు. శనగపచ్చ పురుగుకి కూడా అంతే. అయితే పక్కవాడిని తినడం ఉచిత భోజనం కాదు. వాడికి వైరస్ ఉంటే అది తిన్నవాడికీ వస్తుంది.

దీంట్లో రైతుకి పనికొచ్చేది ఏంటంటే, గుడ్ల ముద్ద ఆకు మీద ఉన్నప్పుడు ఒక్కసారి చేత్తో నలిపితే వంద పురుగులు పోయినట్టు. పొగాకు లద్దెపురుగు కూడా చిన్నప్పుడు ఒకే ఆకు మీద గుంపుగా గోకి తింటుంది, ఆకు జల్లెడలా తెల్లగా కనిపిస్తుంది. ఆ ఒక్క ఆకు తుంచి నాశనం చేస్తే సరి. వారం తర్వాత అవే పురుగులు చేనంతా చెదిరి, మొవ్వుల్లో, మట్టి పెళ్ళల కింద దాక్కుంటాయి. అప్పుడు ఎంత మందు కొట్టినా తగిలేది కొన్నిటికే. ఎన్.పి.వి. వైరస్ ద్రావణం వాడేవాళ్ళకీ ఇదే మాట. చిన్న పురుగుల మీద అది బాగా పని చేస్తుంది. పెద్దదైన కొద్దీ పురుగుని చంపడానికి చాలా ఎక్కువ మోతాదు కావాలి.

ఇంకో విషయం గమనించారా? లద్దెపురుగు పిల్లలు గుంపుగానే బాగుంటాయి. పట్టుపురుగులో కూడా చాకీ దశలో, అంటే మొదటి రెండు జ్వరాల దాకా, చిన్న పడకలో, పైన పారాఫిన్ కాగితం కప్పి, 80, 90 శాతం తేమలో దగ్గర దగ్గరగా పెంచుతారు. అప్పుడు మరీ పలచగా పరిస్తే లేత ఆకు వాడిపోతుంది, పిల్లలకి ఆకు దొరకదు. కాబట్టి ఇరుకు అంటే అంకె కాదండీ. ఎన్ని పురుగులు అన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎంత పెద్ద పురుగులు, ఏ దశలో, ఏ జాతివి, అన్నీ కలిపి చూడాలి. మొదటి రోజు తల్లి ఒడి లాంటి గుంపు, ఇరవయ్యో రోజుకి ఊపిరాడని గుంపు అవుతుంది. పురుగుల సంఖ్య మారలేదు, పురుగు మారింది.

చివరగా, డిగ్రీ చదివే స్టూడెంట్స్ చూస్తుంటే మీకొక పని. దగ్గర్లో చాకీ కేంద్రం ఉంటే ఒకే రోజు పురుగులు తెచ్చుకుని, ఒకే సైజు డబ్బాల్లో 10, 30, 60 చొప్పున పెట్టండి. కానీ ఒక జాగ్రత్త. అన్ని డబ్బాలకీ ఒకే మొత్తం ఆకు వేస్తే, మీరు చూసేది ఆకలి ప్రభావమా, ఇరుకు ప్రభావమా తెలియదు. తలకింత అని లెక్క కట్టి, మిగిలేంత ఆకు వెయ్యండి. లద్దె రోజూ తీసెయ్యండి. రోజూ బరువు తూచండి, సగటు ఒక్కటే రాయకుండా అన్నిటికంటే చిన్నది, పెద్దది కూడా రాయండి. ఇరుకు ముందుగా సగటులో కనబడకపోవచ్చు, చిన్నదానికీ పెద్దదానికీ మధ్య పెరిగే తేడాలో కనబడొచ్చు. ఏం వచ్చిందో కామెంట్స్‌లో రాయండి, బాగున్నవి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చదువుతాను.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో పట్టు రైతులుంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. ముఖ్యంగా ఈసారి ఇంకో యాభై గుడ్లు ఎక్కువ పెడదామా అని ఆలోచిస్తున్నవాళ్ళకి, గుడ్లు తెచ్చుకోకముందే పంపండి.